అమెరికా వస్తున్న విశాఖ పిల్లలూ, ముందు అడగడం నేర్చుకోండి

విశాఖ నుంచి ఎంఎస్‌కి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నయ్యా, ఏ కోర్సు నేర్చుకుని రమ్మంటారు? పైథానా, క్లౌడా?" అవి ఇక్కడికొచ్చాకైనా పట్టుబడతాయి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో పెద్దగా చెప్పనిది ఇంకొకటుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే వెంటనే అడగడం, అడిగేది సూటిగా రాయగలగడం.

2020లో కొవిడ్ వల్ల మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ బ్యాచ్ వాళ్లు ఇంటర్ పాఠాలు కొంతకాలం ఆన్‌లైన్‌లో కెమెరా, మైకు ఆపేసి విన్నవాళ్లే. తప్పు వాళ్లది కాదు. కానీ ఆ అలవాటు ఇక్కడ బాగా దెబ్బతీస్తుంది.

ఇక్కడ ప్రొఫెసర్లు వారంలో కొంత సమయాన్ని ఆఫీస్ అవర్స్ అని విద్యార్థుల కోసమే ఉంచుతారు. కొవిడ్ తర్వాత చాలామంది జూమ్‌లో కూడా దొరుకుతున్నారు. అయినా మనవాళ్లు వెళ్లరు, మొహమాటం. మనం మర్యాద అనుకునేది వాళ్లకి ఆసక్తి లేనట్టు కనిపిస్తుంది. వెళ్లండి, మొదటి వారంలోనే వెళ్లండి.

మెయిల్ రాస్తే "రెస్పెక్టెడ్ సర్, ఐ హ్యావ్ ఎ డౌట్" అని వదిలేయకండి. సబ్జెక్ట్ లైన్లో కోర్సు నంబరు, ఏ అసైన్‌మెంటులో ఎన్నో ప్రశ్నో పెట్టండి. లోపల మీరేం చేసి చూశారో, ఎక్కడ ఆగిపోయారో, ఎప్పుడు కలవగలరో రాయండి. ఐదారు వాక్యాలు చాలు. రేపు ఉద్యోగంలోనూ ఇదే పని. టీమ్‌లో ఒకరు ఇంట్లో, ఒకరు ఇంకో ఊళ్లో ఉంటారు కాబట్టి మీరు రాసిందే వాళ్లకి మీరు.

ఉద్యోగాల తొలి వడపోతలో కొన్ని కంపెనీలు రికార్డింగ్ ఇంటర్వ్యూ పెడుతున్నాయి. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కాసేపు టైమిస్తారు, తర్వాత కెమెరా వైపు చూస్తూ మాట్లాడాలి. తల ఊపడానికి అవతల మనిషి ఉండడు. ఇంట్లోనే ఫోన్‌ని గోడకి ఆనించి, మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. మర్నాడు చూసుకుంటే ఎక్కడ నసుగుతున్నారో మీకే తెలుస్తుంది.

ఒక రూలు కూడా గుర్తుంచుకోండి. కొవిడ్‌లో ఆన్‌లైన్ క్లాసులకి ఇచ్చిన సడలింపు 2022-23 విద్యా సంవత్సరంతో పోయింది. ఇప్పుడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి తప్పనిసరి ఫుల్‌టైమ్ చదువు లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. రిజిస్టర్ అయ్యే ముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని అడగండి.

మనసు బాగోకపోయినా అడగాల్సిందే. అమ్మ కంగారు పడుతుందని దాచుకుని, నిద్ర లేక, క్లాసులు మానేసిన పిల్లల్ని చూశాను. చాలా కడుపు తరుక్కుపోతుంది. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది. 2022 జూలై నుంచి అమెరికాలో ఎక్కడినుంచైనా, ఏ వేళప్పుడైనా మానసికంగా కుంగిపోయినవాళ్లకి సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

విమానం ఎక్కేదాకా ఆగక్కర్లేదు. హాస్టల్ గురించో, ఇన్సూరెన్స్ గురించో మీకున్న ప్రశ్నని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ చేయండి. కన్సల్టెన్సీ వాళ్ల చేత రాయించకండి, మీరే రాయండి.