యాప్ కన్వర్షన్ రేటును దేశాలవారీగా ఎలా చూడాలి? హనుమకొండ నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇది: ఇండియాలో డౌన్‌లోడ్‌లు బాగానే ఉన్నాయి, అమెరికా, గల్ఫ్ దేశాల్లో మాత్రం కన్వర్షన్ రేటు (స్టోర్ పేజీ చూసినవాళ్లలో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల శాతం) పడిపోతోంది, దేశాలవారీగా చూసుకోవడానికి డబ్బు పెట్టి ఏదైనా టూల్ కొనాలా అని.

కొనక్కర్లేదు. మీ సొంత యాప్ లెక్కలు మీ ప్లే కన్సోల్‌లోనే, అంటే గూగుల్ ప్లేలో యాప్ పెట్టినవాళ్లకు గూగుల్ ఇచ్చే సైట్‌లోనే ఉన్నాయి. బయటి టూల్స్ పోటీ యాప్‌ల గురించి అంచనాలు చెప్తాయి, అది వేరే అవసరం. నేను హనుమకొండలో ఉండి ఒక తెలుగు పంచాంగం యాప్ నడుపుతున్నాను. దాన్ని ఇక్కడివాళ్లూ వాడతారు, డల్లాస్, దుబాయ్, కువైట్‌లో ఉన్న మనవాళ్లూ వాడతారు. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

ముందు ఆ శాతం ఎలా వస్తుందో చూడండి. ప్లే కన్సోల్‌లో స్టోర్ అనాలిసిస్ పేజీ ఉంటుంది. అందులో విజిటర్లు అంటే తమ ఏ ఫోన్‌లోనూ మీ యాప్ లేకుండా మీ స్టోర్ పేజీ చూసినవాళ్లు. వాళ్లలో ఎంతమంది ఇన్‌స్టాల్ చేసుకున్నారన్నదే కన్వర్షన్ రేటు. ఇప్పటికే యాప్ ఉన్నవాళ్లు అప్‌డేట్ కోసం వచ్చినా ఈ లెక్కలోకి రారు. ఈ రేటును దేశం, ట్రాఫిక్ సోర్స్ (పేజీకి ఏ దారిలో వచ్చారన్నది), సెర్చ్ పదం ప్రకారం విడగొట్టి చూడొచ్చు.

చాలామంది దేశం దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి తెలిసేది దేశాన్నీ ట్రాఫిక్ సోర్స్‌నూ కలిపి చూసినప్పుడే. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక దేశంలో ఒక నెల సెర్చ్ నుంచి 1000 మంది వచ్చి 400 మంది ఇన్‌స్టాల్ చేశారు, ఎక్స్‌ప్లోర్ నుంచి, అంటే ప్లేలో ఊరికే చూస్తూ 1000 మంది వచ్చి 100 మంది చేశారు అనుకోండి. మొత్తం రేటు 25 శాతం. తర్వాతి నెల ఎక్స్‌ప్లోర్‌లో మీ యాప్ ఎక్కువగా కనిపించి 4000 మంది వచ్చారు, 400 మంది ఇన్‌స్టాల్ చేశారు. సెర్చ్ అలాగే ఉంది. ఇప్పుడు 5000 మందిలో 800 మంది, అంటే 16 శాతం. సెర్చ్ రేటు తగ్గలేదు, ఎక్స్‌ప్లోర్ రేటూ తగ్గలేదు, ఇన్‌స్టాల్‌లు 500 నుంచి 800కి పెరిగాయి. కానీ పైన కనిపించే ఒక్క శాతం చూస్తే ఏదో పాడైపోయినట్టు ఉంటుంది. మీ గల్ఫ్ లెక్క ఇలాంటిదే అయ్యుండొచ్చని నా అనుమానం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లు ఒకరికొకరు వాట్సాప్‌లో లింక్ పంపుకుంటారు. తెలిసినవాళ్లు పంపిన లింక్ తెరిచినవాళ్లు ఎక్కువగా ఇన్‌స్టాల్ చేస్తారు. మొదట్లో అలాంటి విజిటర్లే ఉంటే రేటు ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత ఊరికే చూస్తూ వచ్చేవాళ్లు కలిసేకొద్దీ తగ్గుతుంది. అది భయపడాల్సిన తగ్గుదల కాదు.

గల్ఫ్ విషయంలో ఇంకొకటి ఉంది. యాప్ స్టోర్లు దేశాన్ని అకౌంట్‌ను బట్టి చూస్తాయి. ప్లేలో దేశం మార్చుకునే వీలు ఏడాదికి ఒక్కసారే. ఇక్కడ ఫోన్ కొని, ఇక్కడి అకౌంట్‌తోనే కువైట్ వెళ్లిన మనిషి స్టోర్ లెక్కలో ఇండియాలోనే ఉండిపోవచ్చు. యాప్‌ను ఎవరు ఎక్కడ వాడుతున్నారో చూపే గూగుల్ టూల్ ఫైర్‌బేస్ మాత్రం ఐపీ అడ్రస్‌ను బట్టి కువైట్ అనే చూపిస్తుంది. నా యాప్‌లో ఈ రెండు లెక్కలూ గల్ఫ్ దగ్గర కలవవు. గల్ఫ్‌లో మనకు వాడేవాళ్లు లేరని తేల్చేముందు ఫైర్‌బేస్‌లో దేశాలవారీ యాక్టివ్ యూజర్లను తప్పకుండా చూడండి.

అమెరికా సంగతి వేరు. నా దాంట్లో అక్కడ సెర్చ్ నుంచి వచ్చినవాళ్ల రేటే తక్కువగా ఉండేది. పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చి, పేజీ చూసి వెళ్లిపోతున్నారంటే లోపం పేజీలోనే ఉందని అర్థం. డల్లాస్‌లో ఉన్న మా చిన్నమ్మ బిడ్డను అడిగితే, "అన్నా, ఫొటోల్లో అంతా వరంగల్ సూర్యోదయమే ఉంది, మాకు పనికిరాదనుకున్న" అంది. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా, అక్కడి గడియారంలో అది వేరే సమయం. పైగా సూర్యోదయాన్ని బట్టి ఏకాదశి లాంటివి ఒక్కోసారి అక్కడ వేరే రోజున పడతాయి. ఊరు మార్చుకునే సదుపాయం యాప్‌లో ఉంది, స్టోర్ పేజీ చూస్తే ఆ సంగతి తెలియదు. అమెరికాకు విడిగా కస్టమ్ స్టోర్ లిస్టింగ్ (ఆ దేశంవాళ్లకే కనిపించే వేరే స్టోర్ పేజీ) పెట్టి, మొదటి స్క్రీన్‌షాట్‌లోనే డల్లాస్ సమయాలు చూపించాను. అక్కడి సెర్చ్ రేటు స్పష్టంగా పెరిగింది. దేశాలవారీగా చూడటం ఇందుకే. శాతాల కోసం కాదు, అక్కడి మనిషికి ఏం కావాలో తెలుసుకోవడానికి.

భాషను కూడా గమనించండి. తెలుగు అనువాదంగా పెట్టిన లిస్టింగ్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది. అమెరికాలో మనవాళ్ల ఫోన్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. అక్కడి పేజీలో వివరణ ఇంగ్లిష్‌లో, స్క్రీన్‌షాట్ లోపల తెలుగు అక్షరాలు కనిపించేలా పెట్టడం నాకు పనిచేసింది.

చిన్న దేశాల శాతాలు చూసి పొద్దున్నే కంగారు పడకండి. 20 మంది వచ్చి 5 మంది ఇన్‌స్టాల్ చేస్తే 25 శాతం, ఇద్దరు తగ్గితే 15 శాతం. ఒమన్, బహ్రెయిన్ లాంటివి వారాలవారీగా కాకుండా మూడు నెలలు కలిపి చూడండి. స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్లు (రెండు రకాల పేజీలు పెట్టి ఏది బాగా పనిచేస్తుందో చూసే పరీక్షలు) కూడా జనం బాగా వచ్చే దేశాల్లోనే పెట్టండి. తక్కువ మందితో ఏదీ తేలదు.

పోయిన ఏడాదితో పోల్చేటప్పుడు పండుగలు చూసుకోండి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. నా యాప్‌లో మార్చిని మార్చితో పోలిస్తే ఏమీ అర్థం కాదు, ఉగాదికి ముందు రెండు వారాలను ఉగాదికి ముందు రెండు వారాలతోనే పోల్చాలి. మీ యాప్‌కు పండుగలతో సంబంధం లేకపోతే ఇది వదిలేయండి.

ఐఫోన్ యాప్ కూడా ఉంటే ఆ శాతాన్ని ప్లే శాతం పక్కన పెట్టొద్దు. ఆపిల్ ఇచ్చే యాప్ స్టోర్ కనెక్ట్‌లో ఇన్‌స్టాల్‌లను భాగించే సంఖ్య విజిటర్లు కాదు, ఇంప్రెషన్లు, అంటే సెర్చ్ జాబితాలో మీ ఐకాన్ కనిపించినా లెక్కే. సహజంగానే అక్కడ రేటు తక్కువగా ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: వాట్సాప్ గ్రూపులకు పంపే లింకులకు ఒక్కో దేశానికి ఒక్కో యూటీఎమ్ పేరు (ఏ లింక్ నుంచి వచ్చారో తెలిపే గుర్తు) పెట్టండి. ప్లే కన్సోల్ నుంచి నెలవారీ లెక్కలు తీసుకుని, దేశం, సోర్స్, విజిటర్లు, ఇన్‌స్టాల్‌లు అనే నాలుగు గడులతో ఒక షీట్ రాసుకోండి. శాతం గడి చివర్లో పెట్టండి. అమెరికా వరుసలో సెర్చ్ రేటు తగ్గిందా, లేక ఎక్స్‌ప్లోర్ జనం పెరిగారా అన్నది అక్కడే కనిపిస్తుంది. ఆ అమెరికా, సౌదీ వరుసలు ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను.