సార్ ముడి కూడా నేనే చూసేదాన్ని

కొండలెక్కడం నేర్పిన గురువూ, ఎక్కేటప్పుడు కింద రోప్ పట్టుకునే తోడూ ఒక్కరే అయినప్పుడు, ఆ మనిషి పోతే ఎలా తట్టుకున్నారు, మళ్ళీ ఎక్కగలిగారా, ఆయన రోప్, సామాను ఏం చేశారు అని అడిగారు. మీరూ ఈమధ్యే ఎవరినో పోగొట్టుకున్నారని మీ ప్రశ్న చూస్తేనే తెలుస్తోంది. నా అనుభవం చెప్తాను. సామాను సంగతి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా సార్ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే.

సార్ నల్గొండ వైపు ప్రభుత్వ పాఠశాలలో పీఈటీగా చేసి రిటైర్ అయ్యారు. వయసులో ఉన్నప్పుడు ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్‌లో బేసిక్ కోర్సు చేశారు. అందులో 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి తీసుకుంటారు. అదీ చేశారు. హిమాలయాలకు వెళ్లాలంటే డబ్బు కావాలి, సెలవులు కావాలి. ఆ రెండూ ఆయనకు ఎప్పుడోగానీ కుదిరేవి కావు. "భువనగిరికి బస్ చార్జీ ఉంటే చాలు" అనేవారు. అందుకే ఆయన నేర్పిందంతా భువనగిరి రాయి మీద, హైదరాబాద్ ఖాజాగూడ బండల మీద.

భువనగిరి చూడనివాళ్ల కోసం ఒక మాట. అది కొండ అనడం కన్నా ఒకటే బండ అనాలి. 500 అడుగుల పైన ఎత్తు, గుడ్డు ఆకారం. పైన చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో చెప్పుకునే కోట. చూడ్డానికి వచ్చినవాళ్లు మెట్ల వైపు నుంచి ఎక్కుతారు. మేం మాత్రం మెట్లు లేని నున్నటి వైపు ఎక్కేవాళ్లం. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్ల మొదటి శిక్షణ ఈ రాయి మీదే. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లలకి నేర్పింది మా సార్ కాదు. అయినా ఆ వార్త వచ్చిన రోజు ఆయన ముఖం చూసినవాళ్లు ఆయన సొంత పిల్లలే ఎక్కారనుకునేవాళ్లు.

నేను ఐటీ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక స్నేహితురాలి వెంట వచ్చి ఆయన దగ్గర చేరాను. భువనగిరి లాంటి నున్నటి బండ మీద చేతికి అందే పట్టు దాదాపు ఏమీ ఉండదు. పాదం రాయికి రుద్దుకుని నిలబడే బలమే ఆధారం. భయమేస్తే మనిషి రాయిని కౌగిలించుకుంటాడు. అలా వాలిపోగానే పాదం రాయిని నొక్కే బలం తగ్గి జారుతుంది. "మడమ దించు బిడ్డా, నడుము రాయికి దూరం పెట్టు, చేతులతోటి గుంజకు" అని కింద నుంచి చెప్పేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. ఎండాకాలంలో తెల్లారకముందే మొదలుపెట్టి, తొమ్మిది దాటకముందే సర్దేసేవాళ్లం. ఆ తర్వాత రాయి కాలుతుంది, చెమటకి చేతులు జారతాయి. ఇంకొక్కసారి ఎక్కుతానని ఎవరు బతిమాలినా సార్ ఒప్పుకునేవారు కాదు.

అసలు ఆయన నేర్పిన పెద్ద విషయం వేరే ఉంది. ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు చూడాలి. ఇది ప్రతి చోటా చెప్తారు. హార్నెస్ (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీ) బకిల్ చూడాలి, రోప్‌ని దానికి కట్టే ఫిగర్ ఆఫ్ ఎయిట్ ముడిలో పక్కపక్కన ఐదు జతల తాళ్లు కనిపిస్తున్నాయా చూడాలి, బిలే డివైస్‌లో (కింది మనిషి రోప్‌ని ఆపి పట్టుకునే పరికరం) రోప్ సరిగ్గా పడిందా, కారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) లాక్ అయిందా చూడాలి. చాలాచోట్ల నేర్పేవాడు పిల్లలవి చూస్తాడు, తనది ఎవరూ చూడరు. సార్ దగ్గర అలా కుదరదు. నిన్న చేరిన పిల్లవాడైనా సరే ముందు నిలబడి హార్నెస్ చూపించి, "నాది చూడు, తప్పు దొరికితే చెప్పు" అనేవారు. చూడకుండానే తలూపితే మళ్ళీ మొదటి నుంచి. అప్పుడప్పుడు కావాలనే బకిల్ సగం వదిలేసి వచ్చేవారు. అది పట్టుకున్న పిల్లలకు ఆ రోజు పెద్ద గౌరవం, అందరి ముందూ పేరు పెట్టి మరీ చెప్పేవారు.

ఎందుకు సార్ ఇంత పట్టుదల అని అడిగితే లిన్ హిల్ సంగతి చెప్పేవారు. ప్రపంచంలోనే గొప్ప క్లైంబర్లలో ఒకరు ఆమె. 1989లో ఫ్రాన్స్‌లో తేలికైన రూట్ మీద వార్మప్‌కని ఎక్కింది. ముడి మొదలుపెట్టి, మధ్యలో వేరే ధ్యాసలో పడి, పూర్తి చేయలేదు. వేసుకున్న జాకెట్ కింద అది ఎవరికీ కనపడలేదు. పైకి చేరి, కిందికి దించమని రోప్ మీద బరువు వేసి వెనక్కి వాలింది. 70 అడుగుల పైనుంచి పడి, చెట్టు కొమ్మలు తగలడం వల్ల బతికింది. 1993లో అదే మనిషి అమెరికాలోని యోసెమిటీలో నోస్ అనే రూట్‌ని మొట్టమొదటిసారి ఫ్రీగా, అంటే రోప్‌ని పడితే కాపాడడానికే తప్ప పైకి పోవడానికి వాడకుండా, ఎక్కింది. "ఆమెకే మర్పు వచ్చింది, నేనెంత?" అనేవారు సార్. వినయం చూపించడానికి అన్న మాట కాదది. తన ప్రాణం విషయంలో కూడా తన అనుభవాన్ని నమ్మకూడదని నిజంగానే అనుకునేవారు.

శిష్యురాలి నుంచి నేను తోడుగా ఎప్పుడు మారానో నాకు బాగా గుర్తుంది. సార్ ఎత్తైన మనిషి, బరువు కూడా. నేను ఆయన బరువులో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంటానేమో. అంత తేడా ఉంటే పైనున్న మనిషి పడ్డప్పుడు కింద బిలే చేసే మనిషి గాల్లోకి లేస్తుంది, బండకు గుద్దుకోవచ్చు, కంగారులో బ్రేక్ చేయి (రోప్‌ని ఆపి పట్టుకునే చేయి) వదిలేయవచ్చు. అందుకే చాలామంది తమకన్నా బాగా తేలికైన వాళ్లకు రోప్ ఇవ్వరు. సార్ ఏం చేశారంటే, వెనకాల ఉన్న బండకి స్లింగ్ (గట్టి పట్టీతో చేసిన ఉచ్చు) కట్టి నా హార్నెస్‌కి తగిలించారు. ఎంత వదులు ఉంచాలో కొలిచి చూపించారు, ఎక్కడ నిలబడాలో చెప్పారు. తర్వాత ఎక్కి, కొంత ఎత్తుకి పోయాక "ఇప్పుడు పడుతున్న" అని చెప్పి మరీ చేతులు వదిలేశారు. నేను ఒక్క ఉదుటున లేచాను, స్లింగ్ బిగుసుకుంది, ఆగాను. ఆయన పైన వేలాడుతూ అడిగారు.

"భయమైందా?"

"మీకు కాలేదా సార్?"

"కాలె. నీ చెయ్యి బ్రేక్ మీదనే ఉన్నది, చూసిన."

ఆ రోజు నుంచి ఆయన ఎక్కితే రోప్ నా చేతిలోనే ఉండేది. అరవై దాటిన మనిషి, నాకన్నా ఎంతో తెలిసిన మనిషి, తన బరువంతా నా చేతికి అప్పగించారు. నా ఉద్యోగంలో గానీ, ఇంట్లో గానీ అంతకుముందు నన్ను ఎవరూ అంత నమ్మలేదు. మీ ప్రశ్నలో "గురువు" అనే మాట ముందు రాసి "పార్ట్‌నర్" తర్వాత రాశారు. నాకు మాత్రం గురువు విలువ తెలిసింది ఆయన పార్ట్‌నర్ అయ్యాకే.

చాలా ఏళ్లు అలా గడిచాయి. కర్ణాటకలోని బాదామి ఎర్ర ఇసుకరాతి గోడలు, రామనగర గ్రానైట్, అన్నీ ఆయనతోనే చూశాను. ఎక్కువ రోజులు మాత్రం ఖాజాగూడలోనే, ఫక్రుద్దీన్ గుట్ట చుట్టుపక్కల. హైదరాబాద్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు అంటారు. మేం ఎక్కిన వాటిలో కొన్ని మా కళ్ల ముందే పగలగొట్టారు, అక్కడ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. సార్‌కి కోపం వచ్చిన సందర్భాలు తక్కువ, వాటిలో సగం ఇవే.

సార్ పోయారని చెప్పినప్పుడు అందరూ అడిగిన మొదటి మాట "పడిపోయారా?" అని. మీకూ ఆ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. కాదు, ఆయన కాలేయ క్యాన్సర్‌తో పోయారు, 2023లో. అయినా ఎక్కేవాళ్లు పోతే కొండే తీసుకుపోయిందని జనం అనుకుంటారు. అలా నిజంగా కొండ మీదే పోయినవాళ్లను తలచుకున్నప్పుడల్లా సార్ మల్లి మస్తాన్‌బాబు పేరు ఎత్తేవారు. నెల్లూరు జిల్లా సంగం మండలంలోని పల్లెలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్‌లో ట్రెస్ క్రూసెస్ శిఖరం మీద ఒంటరిగా ఉండగా కనపడకుండా పోయి, ఏప్రిల్ మొదట్లో శవమై దొరికారు. ఆయన్ని సొంత ఊరికి తెచ్చినప్పుడు సార్ బస్సెక్కి వెళ్లి చూసి వచ్చారు. "ఒంటరిగా పోయేటోళ్లకు వేరే గుండె ఉంటది. నాకు రెండో మనిషి లేకుంటే నడవదు" అన్నారు తిరిగొచ్చాక. ఆయన్ని తక్కువ చేసిన మాట కాదిది, ఇద్దరి దారులు వేరని చెప్పడం.

ఆసుపత్రి రోజుల గురించి ఎక్కువ రాయలేను. చివర్లో ఆయన చేయి బాగా సన్నబడింది. పక్కన కూర్చుని పట్టుకునేదాన్ని. ఈ వారం ఎవరు వచ్చారు, ఏం ఎక్కారు, ఎవరి ముడి ఎవరు చూశారు, ఇవే అడిగేవారు.

ఇక సామాను. మాసికం అయ్యాక అమ్మ (సార్ భార్యను నేను అలాగే పిలుస్తాను) ఫోన్ చేసి, "ఇవి నాకు ఏం ఎరుక బిడ్డా, నువ్వే చూసి ఎవరికి ఏం ఇయ్యాల్నో ఇయ్యి" అన్నారు. రెండు పెద్ద బ్యాగులు. అప్పటికే శిష్యులందరూ కలిసి, సార్ పాత రోప్‌తోనే భువనగిరి మీద ఒక రోజు ఆయన జ్ఞాపకంగా ఎక్కాలని అనుకున్నారు. ఆ రోప్ అంటే అందరికీ ప్రాణం. సగం మంది మొదటిసారి పైకి వెళ్లింది దాని మీదే.

నేను వద్దన్నాను. మనం ఎక్కడానికి వాడే రోప్ నైలాన్. పడ్డప్పుడు సాగి దెబ్బను తగ్గించడం దాని పని. వాడినా వాడకపోయినా నైలాన్‌కి వయసు మీద పడుతుంది. రోప్, స్లింగ్, హార్నెస్ లాంటివి ఎంత జాగ్రత్తగా దాచినా పదేళ్లు దాటాక వాడొద్దని తయారీదారులే చెప్తారు. రోజూ వాడేదైతే అంతకు ఎంతో ముందే పక్కన పెట్టాలి. పైకి బాగానే కనపడుతుంది, లోపలి పోగుల సంగతి కంటికి తెలియదు. బ్యాటరీ యాసిడ్ ఆవిరి తగిలినా చెడిపోతుంది, ఆ బ్యాగులు ఇన్వర్టర్ ఉన్న గదిలోనే ఉన్నాయి.

ఒక కుర్రాడు ఏడ్చేశాడు. సార్ అంటే మీకు ఇంతేనా అక్కా అన్నాడు. ఆ మాట చాలా నొప్పి పెట్టింది. కానీ బ్యాగ్ అడుగున ఒక నోట్‌బుక్ దొరికింది. ప్రతి రోప్‌కి ఒక పేజీ. ఏ తేదీన కొన్నారు, ఎక్కడెక్కడ వాడారు, ఎన్ని గట్టి పడడాలు ఆపింది, ఎక్కడ గరుకైంది, అన్నీ ఆయన గుండ్రటి రాతలో. మేం ప్రాణంగా చూసుకునే రోప్ పేజీ చివర ఎర్ర పెన్నుతో రాసి ఉంది: "పిల్లలకు వాడొద్దు." ఆ నోట్‌బుక్‌ని ఆ కుర్రాడి చేతికిచ్చాను. చదువుకుని, ఏమీ అనకుండా రోప్ చుట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత రోప్‌ని బారెడు ముక్కలుగా కోశాం. కొసలు కాల్చి అతికించి, ఎర్ర టేప్ చుట్టాం, ఎవరూ పొరపాటున కూడా ఎక్కడానికి వాడకుండా. తలా ఒకటి తీసుకున్నాం. ముడులు నేర్పడానికి ఇప్పుడు వాటినే వాడతాం. హార్నెస్ బెల్టు కోసి పడేశాం, హెల్మెట్ కూడా పక్కన పెట్టాం. కారబినర్లు, ఫిగర్ ఆఫ్ ఎయిట్‌లు (ముడి కాదు, అదే ఆకారంలో ఉండే రోప్ పరికరాలు) లోహం కాబట్టి వాటికి అలాంటి గడువు లేదు. ఒక్కొక్కటీ చూసి, రోప్ రాసుకుని గాడి పడ్డవి, గేటు సరిగ్గా మూసుకోనివి తీసేశాం. మిగిలినవి ఇప్పటికీ వాడుతున్నాం. బూట్లు ఆ ఏడ్చిన కుర్రాడికే సరిపోయాయి.

భువనగిరి కార్యక్రమం కొత్త రోప్‌తో చేశాం. అమ్మ కింద కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ అన్నేళ్లలో ఎప్పుడూ మేం ఎక్కడం చూడలేదట.

మళ్ళీ ఎక్కగలిగారా అన్నారు. ఆ రోజు ఎక్కాను, తర్వాత చాలా నెలలు మానేశాను. ఎత్తు భయం కాదు. ఇంకొకరి చేతిలో రోప్ చూస్తే మనసు ఒప్పుకునేది కాదు. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు, అదే మంచిదైంది. ఇప్పుడు నాకన్నా చిన్నమ్మాయితో ఎక్కుతున్నాను, తను డార్జిలింగ్‌లో నేర్చుకుని వచ్చింది. తన పద్ధతులు కొన్ని వేరు, ఎక్కేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే కేకలు కూడా వేరు. మొదట్లో ప్రతిదానికీ "సార్ ఇలా చెప్పేవారు" అనేదాన్ని. ఒకరోజు తను "మీ సార్ ఉంటే నా మాట వినేవారేమో అక్కా" అంది. నిజమే, వినేవారు. అప్పటి నుంచి తన మాట వింటున్నాను, నా హార్నెస్ ముందుకు తిప్పి చూపిస్తున్నాను.

మీ దగ్గరున్న రోప్ సంగతి మాత్రం ముందు చూడండి. దాని మీద కొన్న తేదీ లేకపోతే, ఇంట్లోవాళ్లకు కూడా తెలియకపోతే, ఎంత కొత్తగా కనిపించినా దాని మీద ఎవరినీ ఎక్కనివ్వొద్దు. పారేసే ముందు వాళ్ల కుటుంబాన్ని ఒక్కసారి అడగండి, ఒక ముక్క ఉంచుకుంటామంటారేమో. ఆయన రాసుకున్న పుస్తకాలు ఏమైనా ఉంటే ఫోటోలు తీసి పెట్టుకుని, అసలువి వాళ్లకే ఇవ్వండి. లోహపు సామాను మీకు చూడడం రాకపోతే ఏ ఊరో చెప్పండి, దగ్గర్లో చూసిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని చెప్తాను.