టియోగా పాస్ దిగుతుంటే వ్యాన్ బ్రేక్ పెడల్ మెత్తబడింది: సమాధానం

కాలిఫోర్నియాలోని టియోగా పాస్ కనుమ దిగుతుంటే మాడు వాసన వచ్చి, బ్రేక్ పెడల్ లోపలికి దిగిపోయిందని అడిగారు. బ్రేకులు విపరీతంగా వేడెక్కి ఉంటాయి. మాడు వాసన, లోపలికి దిగిపోయే పెడల్, మీరు చెప్పిన రెండూ దాని గుర్తులే. టియోగా పాస్ 9,943 అడుగుల ఎత్తు, కిందనున్న ఊరు లీ వైనింగ్ దాదాపు 6,800. మంచం, నీళ్ల ట్యాంకు, ఇద్దరి సామానుతో అంత దిగుడంతా బ్రేకుల మీదే దిగారు.

1. ముందు గంటసేపు ఆగండి. గేరు పార్క్‌లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి, పగలొచ్చు.

2. చాలామంది మరిచేది ఇదే: దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. ఆటోమేటిక్ గేరు లివర్‌ను డి (డ్రైవ్) నుంచి 2కి గానీ, లో గేరైన ఎల్‌కి గానీ మార్చండి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చూపే ముల్లు 4,000 దగ్గరికి పోతుంది. ఎర్రగీత దాటనంతవరకు టెన్షన్ వద్దు, బండిని ఆపుతున్నది ఆ అరుపే. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకండి. గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి.

3. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. తేమ పట్టిన ఆయిల్ త్వరగా మరుగుతుంది.

చల్లారాక కూడా పెడల్ మెత్తగానే ఉంటే దయచేసి నడపకండి. టో ట్రక్ పిలవండి, జయన్ నేషనల్ పార్క్‌కి ఒకరోజు ఆలస్యంగా చేరినా ఫరవాలేదు.