సాయంత్రం ఆరింటికి ముగిసే స్కాలర్‌షిప్ కోసం ఎఫ్‌డీ తీయకండి

ప్రశ్న: మాది ఖమ్మం. నెలకు నా ఒక్కడి జీతం రూ.62 వేలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు రూ.34 వేలు, ఇంటి రుణం ఈఎంఐ రూ.14 వేలు, చీటీకి రూ.5 వేలు పోతాయి. అది రూ.2 లక్షల చీటీ, 40 నెలలది. 14 నెలలు కట్టాను, ఇంకా ఎత్తలేదు. బ్యాంకులో రూ.4.5 లక్షల ఎఫ్‌డీ, ఇంట్లో 18 తులాల బంగారం ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా తప్ప వేరే బీమా లేదు. మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో 38 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. వేరే ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు సీఎస్ఈ-ఏఐలో సీటిస్తామన్నారు. ఫీజు ఏడాదికి రూ.3.6 లక్షలు. 25 శాతం స్కాలర్‌షిప్ పోను రూ.2.7 లక్షలు, హాస్టల్‌కు రూ.1.4 లక్షలు. సీటు బ్లాక్ చేయడానికి రూ.25 వేలు కట్టేశాను. సీట్లు అయిపోతున్నాయని, మిగతాది సాయంత్రం ఆరు లోపు కట్టకపోతే స్కాలర్‌షిప్ పోతుందని వాళ్ల కౌన్సెలర్ గారు అంటున్నారు. ఇక్కడి కాలేజీలో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ సీటు వస్తే ఫీజు రూ.95 వేలు, బస్సుకు రూ.30 వేలు. కౌన్సెలింగ్ ఇంకా మొదలు కాలేదు. మొదటి ఏడాదికి ఎఫ్‌డీ తీసి, తర్వాత రూ.5 లక్షల పర్సనల్ లోన్, గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: కాదండి. ఎఫ్‌డీ తీయకండి. పర్సనల్ లోన్ ఊసే వద్దు. సాయంత్రం ఆరు దాటనివ్వండి. రేపు పొద్దున ఇంకో నంబరు నుంచి ఫోనొస్తుంది. 'మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి మీ ఒక్కరికీ రెండు రోజులు పొడిగించాం సార్' అంటారు.

ఇంటర్ ఫలితాలకూ కన్వీనర్ కౌన్సెలింగ్‌కూ మధ్య ఉండే ఆ కొద్ది వారాల్లోనే తల్లిదండ్రుల ఎఫ్‌డీలు ఖాళీ అవుతున్నాయి. మీరొక్కరే కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కౌన్సెలింగ్ మొదలైతే నాలుగు కాలేజీల పేర్లు, వాటి ఫీజులు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. అలా చూసుకునే వీలు రాకముందే డబ్బు కట్టించుకోవాలన్నదే అమ్మేవాళ్ల ఆత్రం. మీరు 'కౌన్సెలర్ గారు' అని రాసిన మనిషి నెలకిన్ని అడ్మిషన్లు తేవాల్సిన ఉద్యోగి అయినా అయి ఉంటారు, తలకింత అని కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీ మనిషి అయినా అయి ఉంటారు. మీ నంబరు వాళ్లకెలా దొరికిందో ఆలోచించారా? ఇంటర్ చదివే పిల్లల చేత రాయించే 'ఉచిత స్కాలర్‌షిప్ టెస్టు' ఫారంలో మార్కులకు ఒక గడి ఉంటే, నాన్న ఫోన్ నంబరుకూ ఉద్యోగానికీ ఇంకో రెండు గడులుంటాయి. ఆ టెస్టు పెట్టేది ఆ రెండు గడుల కోసమే.

సీట్లు అయిపోతున్నాయన్న మాట తీసుకోండి. బాగా నడుస్తున్న కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచే ఎత్తేసింది. కంప్యూటర్ సైన్స్‌కు, దాని తోకకు తగిలించిన ఏఐ, డేటా సైన్స్‌లకు కరవేమీ లేదు. లేనిపోని తొందర పుట్టించే ప్రకటనలు ఇవ్వకూడదని విద్యాసంస్థలకు అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2023లోనే చెప్పింది. అందుకే ఆ తొందర హోర్డింగు మీద కనిపించదు, ఫోన్లో వినిపిస్తుంది. ఫోన్లో అన్నదానికి కాగితం ఉండదు. ఇకమీదట ఏం చెప్పినా 'యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి రాసి పంపండి' అనండి. సగం మాటలు అక్కడే ఆగిపోతాయి.

స్కాలర్‌షిప్ సంగతి ఆషాఢం సేల్‌లో చీర మీద కొట్టేసిన ధర లాంటిది. రూ.3.6 లక్షలు ముందు చెప్పారు కాబట్టి రూ.2.7 లక్షలు చవగ్గా కనిపిస్తోంది. అసలు మెలిక రెండో పేజీలో ఉంటుంది. ప్రతి ఏడాదీ ఇంత సీజీపీఏ (మార్కుల సగటు) రావాలి, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) కూడా ఉండకూడదు, హాజరు తగ్గకూడదు. మొదటి సెమిస్టర్లో గణితం ఒక్కటి తప్పితే చాలు, రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు. అప్పుడు నాలుగేళ్ల ఫీజు రూ.10.8 లక్షలు కాదు, రూ.13.5 లక్షలు. హాస్టల్ ఏటా పెరగదనుకున్నా రూ.5.6 లక్షలు. అంటే మీరు రూ.16.4 లక్షలకు సిద్ధపడితే బిల్లు రూ.19.1 లక్షలు రావచ్చు. స్కాలర్‌షిప్ నాలుగేళ్లకా, ఏడాదికా? ఏ షరతు తప్పితే పోతుంది? పోయాక మళ్లీ వస్తుందా? ఈ మూడు జవాబులూ అడ్మిషన్ లెటర్‌లో ఉండాలి. బ్రోషర్‌లో ఉంటే చెల్లదు.

ఇక ప్యాకేజీలు. ప్రచార ఎత్తుగడల గుట్టు విప్పడానికి 1937లో న్యూయార్క్‌లో పెట్టిన ఒక సంస్థ అలాంటివి ఏడింటికి పేర్లు పెట్టింది. వాటిలో ఒకటి పేకముక్కలు తనకు అనుకూలంగా పేర్చుకోవడం. మన జాతీయ రహదారుల పక్కన హోర్డింగుల మీద కనిపించే 'అత్యధిక ప్యాకేజీ' అదే. ఒక్క విద్యార్థికి వచ్చిన విదేశీ ఆఫరు, అందులోనూ చేరేటప్పుడు ఒక్కసారే ఇచ్చే బోనస్, నాలుగేళ్లకు గానీ చేతికిరాని షేర్లు కలిపి చెప్పిన అంకె మీవాడి గురించి ఏమీ చెప్పదు. '95 శాతం ప్లేస్‌మెంట్లు' అన్నప్పుడు దేనిలో 95 శాతం అని అడగండి. బ్యాక్‌లాగ్‌లు లేకుండా, నిర్ణీత సీజీపీఏ దాటి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లనే 'అర్హులు' అంటారు. మిగతావాళ్లు లెక్కలోకే రారు. ఇంకోచోట ఆఫర్లు లెక్కపెడతారు, మనుషుల్ని కాదు. ఒకే అమ్మాయికి మూడు కంపెనీలు ఉత్తరాలిస్తే అవి మూడు.

దీనికి విరుగుడు ఉచితంగానే దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా తాను ఇచ్చిన డేటాను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకును పక్కన పెట్టండి. ఆ పీడీఎఫ్‌లో 'యూజీ 4 ఏళ్లు' అన్న పట్టిక తీయండి. ఆ ఏడాది చేరినవారు, గడువులో పాసైనవారు, ఉద్యోగం వచ్చినవారు, వారి మధ్యస్థ జీతం, పైచదువులకు వెళ్లినవారు వరసగా ఉంటారు. మాటకు చేరినవారు 2,000, పాసైనవారు 1,600, ఉద్యోగం వచ్చినవారు 900, పైచదువులకు 150 మంది అనుకోండి. చేరినవాళ్లలో ఉద్యోగం దొరికింది 45 శాతానికి. మధ్యస్థ జీతం రూ.4.5 లక్షలంటే ఉద్యోగం దొరికినవాళ్లలోనూ సగం మందికి అంతకంటే తక్కువే. మీవాడు చేరబోయే బ్రాంచికి ఈ అంకెలు విడిగా అడగండి, పట్టికలో బ్రాంచీలన్నీ కలిసిపోయి ఉంటాయి. కాలేజీలను తనిఖీ చేసి ఇచ్చే నాక్ గ్రేడు చూసి ధైర్యపడటం కూడా పాత అలవాటే. మంచి గ్రేడు కోసం తనిఖీ బృందానికి లంచాలిచ్చారన్న ఆరోపణలపై 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జిల్లా సంస్థ ఒకదానికి సంబంధించిన కేసులోనే సీబీఐ అరెస్టులు చేసింది.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. ఆ యూనివర్సిటీ బంగారంలాంటిదే అనుకున్నా నా జవాబు మారదు. మీ దగ్గర రూ.4.5 లక్షల పొదుపు ఉందనుకుంటున్నారు. అందులో ఎక్కువ భాగం కాలేజీది కాదు. నెల ఖర్చు, ఈఎంఐ, చీటీ కలిపి మీకు రూ.53 వేలు తప్పవు. చీటీని ఎందుకు కలిపానంటే ఉద్యోగం పోయిన నెలలో కూడా దాని కిస్తీ కట్టాల్సిందే. ఆరు నెలలకు రూ.3.18 లక్షలు. ఇది మీ అత్యవసర నిధి. దీన్ని ముట్టుకోకూడదు. కాలేజీకి మిగిలేది రూ.1.32 లక్షలే. ఈ అంకె కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి, కౌన్సెలర్ మళ్లీ ఫోన్ చేసినప్పుడు మీకే పనికొస్తుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఇంట్లో సంపాదన మీ ఒక్కరిదే. ఆరోగ్య బీమా కంపెనీది. ఉద్యోగం పోతే జీతమూ, ఆసుపత్రి కార్డూ ఒకే రోజు పోతాయి. కాలేజీ మాత్రం ఆగదు. ఫీజు బాకీ ఉంటే ఆలస్య రుసుం వేస్తారు, హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది పెడతారు. పరీక్షకు వారం ముందు రూ.1.8 లక్షలు కావాలంటే బ్యాంకు ఇవ్వదు. ఇచ్చేది మీ వీధి చివర రెండు రూపాయల వడ్డీ మనిషి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పిల్లల చదువుల్లో మునిగిన కుటుంబాలు చాలావరకు ఫీజు వల్ల మునగవు. రెండో ఏడాదో మూడో ఏడాదో చేతిలో రూపాయి లేని నెలలో చేసిన అప్పు వల్ల మునుగుతాయి. ఆ నెలను దాటించడానికే ఈ నిధి. ఇప్పుడున్న ఒకే పెద్ద ఎఫ్‌డీ గడువు తీరగానే లక్షన్నర చొప్పున మూడు ముక్కలు చేయండి. అవసరం పడితే ఒకటే తీస్తారు, మిగతా వాటి వడ్డీ కోత పడదు.

పర్సనల్ లోన్ ఎందుకు వద్దో లెక్క చూడండి. రూ.5 లక్షలు, 14 శాతం, నాలుగేళ్లు. ఈఎంఐ సుమారు రూ.13,660, వచ్చే నెల నుంచే మొదలు. ఖర్చులన్నీ పోను మీకు మిగిలేది రూ.9 వేలు. మొదటి నెలలోనే రూ.4,660 తక్కువ. దాన్ని క్రెడిట్ కార్డుతో పూడుస్తారా? ఇంతా చేసి ఆ రూ.5 లక్షలతో మీవాడి చదువు ఏడాదీ రెండు నెలలు నడుస్తుంది. క్యాంపస్‌లో బల్ల వేసుకుని కూర్చుని 'జీరో కాస్ట్ ఈఎంఐ' ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ కూడా అంతే. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణానికయ్యే ఖర్చులన్నీ చూపే కాగితం) అడిగి అందులో వార్షిక వడ్డీ రేటు చదవండి. చదివాక సంతకం చేయాలనిపించకపోవచ్చు. గోల్డ్ లోన్ ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాసుకుంటూ పోతే నాలుగేళ్లకు కూడా అసలు అలాగే ఉంటుంది. బంగారం జోలికి పోకండి.

విద్యా రుణం ఒక్కటే కాస్త నయం, అదీ కొలతలో. మామూలుగా రూ.4 లక్షల దాకా హామీ, మార్జిన్ (మనం చేతి నుంచి పెట్టాల్సిన వాటా) లేకుండా ఇస్తారు. రూ.7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా అడుగుతారు, మీ ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది. రూ.7.5 లక్షలు నాలుగు సమాన వాయిదాల్లో 10.5 శాతానికి తీసుకుని, చదువయ్యాక ఇంకో ఏడాది దాకా పైసా కట్టకపోతే బాకీ దాదాపు రూ.10.26 లక్షలవుతుంది. పదేళ్ల ఈఎంఐ రూ.13,800 పైనే. పైన చెప్పిన మధ్యస్థ జీతంలో అది మీవాడి చేతికొచ్చేదానిలో రమారమి 40 శాతం. కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మిలో ఆ సంస్థ పేరుందో లేదో చూడండి. వడ్డీ రాయితీ మాత్రం కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు వారికే, మీ స్థూల జీతం అది దాటుతుందేమో.

కట్టేసిన రూ.25 వేలు వదులుకోవక్కర్లేదు. రసీదు మీద 'నాన్ రిఫండబుల్' అని అచ్చేసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం, ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే రద్దు చేసుకుంటే మొత్తం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ రూ.5 వేలు మించకుండా తగ్గించుకోవచ్చు. మీ విషయంలో రూ.1,250. ఆ తర్వాత 90, 80, 50 శాతాలుగా తగ్గుతూ, చివరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. 2024-25లో యూజీసీ సెప్టెంబరు 30 దాకా పూర్తిగా, అక్టోబరు 31 దాకా రూ.వెయ్యి మాత్రమే పట్టుకుని ఇవ్వమంది. ఈ ఏడాది తేదీలు యూజీసీ సైట్‌లో చూసుకోండి. రద్దు ఉత్తరం ఈమెయిల్‌లో పంపండి, తేదీ నిలుస్తుంది. స్పందన లేకపోతే యూజీసీ ఈ-సమాధాన్‌లోనూ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫిర్యాదు చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే వెంటనే అడగండి, వాటిని అట్టిపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. అవి లేకపోతే కన్వీనర్ కౌన్సెలింగ్‌లో ఇబ్బంది పడతారు. నిజానికి చాలాచోట్ల వాటిని తీసుకునేదే అందుకు.

కన్వీనర్ సీటు వైపు చూస్తే మీ లెక్క మామూలుగానే కుదురుతుంది. ఫీజు, బస్సు కలిపి ఏడాదికి రూ.1.25 లక్షలు, నాలుగేళ్లకు రూ.5 లక్షలు. మొదటి ఏడాది ఎఫ్‌డీలో మిగిలే రూ.1.32 లక్షలతో గడుస్తుంది. తర్వాత నెలకు మిగిలే రూ.9 వేలు ఏడాదికి రూ.1.08 లక్షలవుతాయి. చాలని కొద్దికి రూ.4 లక్షల లోపు విద్యా రుణంలో కొంత వాడుకోండి. గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో పట్టిక కౌన్సెలింగ్ సైట్‌లోనే ఉంటుంది. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు మీవాణ్ని కూర్చోబెట్టి చూడండి.

'నా ఫ్రెండ్స్ అందరూ అక్కడే చేరారు నాన్నా, వాట్సప్ గ్రూపులో చెప్పుకుంటున్నారు' అంటాడు మీవాడు. ఆ వాట్సప్ గ్రూపు ఎవరు పెట్టారో, అడ్మిన్ ఎవరో అడగండి.

చీటీ ఇప్పుడు పాడకండి, 2 లక్షల్లో పెద్ద ముక్క తగ్గింపు కింద పోతుంది. 38వ నెల దగ్గర ఎత్తితే మూడో ఏడాది ఫీజుకు సరిగ్గా అందుతుంది. మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. ప్రీమియం ఆ రూ.9 వేలలోంచే పోతుంది, విద్యా రుణం కొంచెం పెరిగినా ఫర్వాలేదు.