అడగాలి, కానీ ప్రేయర్‌లో నిలబెట్టి కాదు

బడిని దివ్యాంగులైన పిల్లలకు అనువుగా మార్చేటప్పుడు వాళ్లనే సలహా అడగడం న్యాయమా, వాళ్ల మీద భారం మోపడమా అని అడిగారు. అడగాల్సిందే. అడిగే పద్ధతి తెలియకపోతే మాత్రం ఊరుకోవడమే మేలు. నేను చేసిన తప్పే చెబుతాను.

అమలాపురం దగ్గర ఓ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఉండేది. ర్యాంపు కట్టారు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి. మాది అడుగున్నర ఎత్తుకి ఆరడుగులు! గేటు నుంచి అక్కడిదాకా ఒండ్రుమట్టి. వాన పడితే చక్రం సగం దిగబడిపోయేది.

ఒకరోజు ప్రేయర్‌లో, బడి మొత్తం ముందు, "నీకేం ఇబ్బందులున్నాయో చెప్పమ్మా" అన్నాను. "ఏం లేవండీ" అని తల దించుకుంది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి వెళితే వాళ్లమ్మ గుమ్మంలోనే అంది: "బాత్రూం దూరమని పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టదండీ. ఆ మాట మగపిల్లల ముందు ఎలా చెబుతుంది మాస్టారూ?"

తర్వాత అందరికీ చీటీలిచ్చాను. పేరు రాయొద్దు, ఇష్టం లేకపోతే ఖాళీగా ఇచ్చేయండి అన్నాను. బాత్రూం తలుపుకి గడియ లేదని చాలా చీటీల్లో వచ్చింది. ఒకదాంట్లో "ఎనిమిదో తరగతిని చివరి గదిలోకి మార్చండి" అని ఉంది. బాత్రూం ఆ గది పక్కనే. ఎవరు రాశారో అడగలేదు. పైసా ఖర్చు లేకుండా మర్నాడే బల్లలు మోసుకుపోయాం. గడియకి మూడు నెలలు పట్టింది. ఎందుకు ఆలస్యమవుతోందో పిల్లలకు చెబుతూనే ఉన్నాను. అడిగి వదిలేస్తే రెండోసారి ఏ పిల్లా నోరు విప్పదు.

"వాళ్లు అడగలేదు కాబట్టి కట్టలేదు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బడి భవనం అందరికీ అందుబాటులో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెప్పింది. అది పెద్దల పని. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం పిల్లలకు అభిప్రాయం చెప్పే హక్కు ఇచ్చింది, చెప్పి తీరాలనలేదు.

ఇక ఫోటోల పిచ్చి. తనిఖీకి వచ్చినాయన ఆ అమ్మాయిని ర్యాంపు మీద ఉంచి ఫోటో తీస్తానన్నారు. పక్కకి తీసుకెళ్లి "నీకిష్టమేనా అమ్మా?" అన్నాను. "వద్దండీ" అంది. ఆయన ముఖం మాడ్చుకున్నా సరే, ఖాళీ ర్యాంపునే తీసుకోమన్నాను. అది ఇప్పటికీ ఆరడుగులే.