ఉత్తుత్తి మెయిల్, నిజమైన కంగారు

(‘పని చోట భద్రత’ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు, వాటికి జవాబులు)

ప్రశ్న: పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఆరు నెలలకోసారి మాక్‌డ్రిల్ జరుగుతుంది. సైరన్ మోగుతుంది, అందరూ అసెంబ్లీ పాయింట్‌కి వస్తారు, ఫొటోలు తీస్తాం, రిపోర్టు పంపిస్తాం. ఈసారి ఆఫీసు వాళ్లకు కూడా శిక్షణ ఇద్దామని ప్రమాదం జరిగినట్టు మెయిల్స్ పంపే ఎక్సర్‌సైజ్ పెట్టుకున్నాం. ‘డ్రిల్’ అని రాస్తే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, రాయొద్దు అంటున్నారు మా మేనేజర్ గారు. ఏం చేయమంటారు?

జవాబు: రాయండి. ప్రతి మెయిల్‌లోనూ రాయండి. దీని కోసం మీ మేనేజర్ గారితో మాట పడాల్సి వచ్చినా పడండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో 26 ఏళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేశాను. ఇలాంటి ఎక్సర్‌సైజ్‌లు మొదలుపెట్టిన కొత్తలో, ఒక చోట మెయిల్స్ అన్నీ నేనే రాశాను. ‘డ్రిల్’ అన్న మాట సబ్జెక్ట్ లైన్‌లో మాత్రమే పెట్టాను. లోపల మాత్రం బాయిలర్ దగ్గర ప్రమాదం, ఇద్దరికి కాలిన గాయాలు అని చాలా నమ్మకంగా రాశాను. ఆ మెయిల్ చూసిన ఒక కుర్రాడు లోపలి రెండు వాక్యాలను కాపీ చేసి, సెలవులో ఉన్న స్నేహితుడికి ఫోన్‌లో పంపాడు. సబ్జెక్ట్ లైన్ కాపీ కాదు కదా. ముప్పావుగంటలో ఒక బాయిలర్ ఆపరేటర్ భార్య గేటు దగ్గరికి వచ్చింది. చంకలో పిల్ల, కాళ్లకు చెప్పులు లేవు, వాన పడుతోంది. ఆయన్ని పిలిపించాం. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను వెళ్లి క్షమించమ్మా అన్నాను. ఆ రోజు నుంచి నేను రాసే ఏ డ్రిల్ మెయిల్‌లో అయినా మొదటి లైను, చివరి లైను ‘ఇది డ్రిల్’ అనే ఉంటాయి. మెయిల్ పొడుగ్గా ఉంటే మధ్యలో ప్రతి పేరా ముందూ రాస్తాను. ఎక్కడ కత్తిరించి పంపినా ఆ మాట వెంట వెళ్లాలి.

ఇంకో మాట. ‘ఇది డ్రిల్ కాదు’ అన్న వాక్యాన్ని మీ స్క్రిప్టులో ఎవరి నోటా పెట్టకండి. 2018 జనవరి 13 ఉదయం అమెరికాలోని హవాయి రాష్ట్రంలో జరిగింది ఇదే. అక్కడి అత్యవసర సంస్థలో షిఫ్ట్ మారే వేళ డ్రిల్ కోసం ఒక రికార్డింగ్ వినిపించారు. ముందూ వెనకా ‘ఎక్సర్‌సైజ్’ అన్న మాట ఉంది, మధ్యలో మాత్రం ‘ఇది డ్రిల్ కాదు’ అని ఉంది. ఒక ఉద్యోగి దాన్ని నిజమనుకున్నానన్నాడు. క్షిపణి వస్తోంది, దాక్కోండి అన్న హెచ్చరిక రాష్ట్రమంతా ఫోన్లకు వెళ్లిపోయింది. అది పొరపాటు అని రెండో మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. అంతసేపు జనం పిల్లల్ని పట్టుకుని ఎలా గడిపి ఉంటారో ఆలోచించండి.

ఇక మీ మేనేజర్ గారి బెంగ. డ్రిల్ అని తెలిస్తే తేలిగ్గా తీసుకుంటారన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ అది మెయిల్స్ చప్పగా ఉన్నప్పుడే. ‘లీకేజీ జరిగింది, తగిన చర్యలు తీసుకోండి’ అని ఒకే ఒక్క మెయిల్ పంపితే ఎవరికి మాత్రం చెమట పడుతుంది? నిజం ప్రమాదంలో ఊపిరాడకుండా చేసేది అబద్ధం కాదు, ఒకేసారి వచ్చిపడే సగం సగం సమాచారం. దాన్ని తీసుకురండి. మీలాంటి యూనిట్‌కి నేనైతే ఇలా రాస్తాను (ప్రతి మెయిల్‌లోనూ ‘ఇది డ్రిల్’ ఉంటుందనుకోండి).

10:05కి ట్యాంక్ ఫారం (రసాయనాల ట్యాంకులుండే చోటు) నుంచి: టొలుయిన్ పంపు దగ్గర వాసన గట్టిగా వస్తోంది, పైపు అతుకు (ఫ్లాంజి) కారుతున్నట్టుంది. 10:09కి సెక్యూరిటీ నుంచి: ముగ్గురికి కళ్లు తిరుగుతున్నాయట. 10:11కి మెయింటెనెన్స్ నుంచి: బ్లాక్ వెనక వెల్డింగ్ పర్మిట్ 11 గంటల దాకా పొడిగించాం, మీకు తెలియడం కోసం. 10:14కి ఫస్ట్ ఎయిడ్ గది నుంచి: ఐదుగురు వచ్చారు. 10:16కి హెడ్డాఫీసు నుంచి: పది నిమిషాల్లో బాధితుల సంఖ్య పంపండి. 10:18కి ఒక విలేకరి నుంచి: మీ కంపెనీలో పేలుడు జరిగిందట, నిజమేనా? 10:19కి క్యాంటీన్ నుంచి: ఈరోజు భోజనాలు ఎన్ని?

వీటిలో అసలు ప్రమాదం 10:11 మెయిల్‌లో ఉంది. టొలుయిన్ ఇట్టే అంటుకునే రసాయనం. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. అది వెల్డింగ్ నిప్పురవ్వ దాకా వెళ్తే ఇక చేతుల్లో ఏమీ ఉండదు. చూడటానికి మాత్రం రోజూ వచ్చే మామూలు మెయిల్‌లా ఉంది. హెడ్డాఫీసుకి జవాబు రాసే హడావుడిలో దాన్ని ఎంతమంది తెరవరో మీరే చూస్తారు. డ్రిల్ అని తెలిసినా తెరవరు. ‘డ్రిల్’ అని రాయడం వల్ల శిక్షణ పాడవదని మీ మేనేజర్ గారికి చూపించడానికి ఇది చాలు.

ముగ్గురు, ఐదుగురు అన్న లెక్క కూడా కావాలనే పెట్టాను. ఒక కంపెనీలో ఒక పెద్దాయన ఆ రెండూ కలిపి ఎనిమిది మంది అని హెడ్డాఫీసుకి చెప్పేశారు. సెక్యూరిటీ చూసిన ముగ్గురూ ఫస్ట్ ఎయిడ్ గదికి వెళ్లిన ఐదుగురిలోనే ఉన్నారు. సంఖ్య చెప్పాల్సింది ఎవరో ఒక్కరే అని ఆ కంపెనీలో అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

ఏర్పాట్లకు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ముగ్గురు మనుషుల్ని వేరే గదిలో కూర్చోబెట్టండి. కలెక్టరేట్, ఫైర్ స్టేషన్, విలేకరి, సర్పంచ్ అన్నీ వాళ్లే. ఎవరికి మెయిల్ రాసినా వాళ్లే జవాబివ్వాలి. ఎక్సర్‌సైజ్ కోసం కొత్త మెయిల్ ఖాతాలు తెరవండి, వాటిలో పాత అడ్రసులు ఏవీ ఉండకూడదు. ఆఫీసు మెయిల్‌లో రెండక్షరాలు కొట్టగానే నిజం కలెక్టరేట్ అడ్రసు దానంతటదే వచ్చి కూర్చుంటుంది, టెన్షన్‌లో ఉన్నవాడు దాన్నే నొక్కుతాడు. గేటు సెక్యూరిటీకి, దగ్గర్లో ఉన్న పోలీసులకు, ఫైర్ వాళ్లకు, పక్క ఊరి సర్పంచ్‌కి ముందురోజే చెప్పండి. మధ్యలో నిజంగా ఏదైనా జరిగితే ఆపడానికి ఒక మాట అనుకోండి. ‘డ్రిల్ ఆపండి’ అన్నా చాలు, కానీ అది ఫోన్‌లో, నోటితో చెప్పాలి. మెయిల్‌లో కాదు.

అయిపోగానే, టీ చల్లారకముందే, మెయిల్స్ ప్రింట్ తీసి అందరినీ కూర్చోబెట్టండి. ఇది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు చదివారు, చదివాక ఏం చేశారు అని అడగండి. తప్పు చేసినవాళ్ల పేరు రిపోర్టులోకి ఎక్కనివ్వకండి. అయితే ఇది సైరన్ డ్రిల్‌కి బదులు కాదు. ప్రమాదకర రసాయనాల 1989 నిబంధనల కిందకు వచ్చే యూనిట్లు ఆరు నెలలకోసారి మాక్‌డ్రిల్ చేయాల్సిందే. మనిషి పరుగెత్తడం కూడా నేర్చుకోవాలి.

ప్రశ్న: గుంటూరులో ఒక ఆస్పత్రిలో కంప్యూటర్ల విభాగం చూస్తాను. దొంగ లింకులు నొక్కే సిబ్బందిని పట్టుకోవడానికి ‘సంక్రాంతి బోనస్’ అని ఉత్తుత్తి మెయిల్ పంపమంటున్నారు మా ఎండీ గారు. దీనికీ డ్రిల్ అని రాయాలా?

జవాబు: అక్కర్లేదు. అది గుర్తుపట్టే పరీక్ష, రాస్తే పరీక్షే ఉండదు. కానీ బోనస్ మాత్రం వద్దండీ. 2020 డిసెంబరులో, కోవిడ్ కష్టకాలంలో, అమెరికాలోని గోడాడీ సంస్థ 650 డాలర్ల పండగ బోనస్ అంటూ ఇలాంటి పరీక్ష మెయిలే పంపింది. దాదాపు 500 మంది నొక్కారు. రెండ్రోజులకు మీరు ఫెయిలయ్యారు అన్న మెయిల్ వచ్చింది. బయట గొడవై సంస్థ క్షమాపణ చెప్పింది. పండగకి పిల్లలకు బట్టలు ఎలా కొనాలా అని ఆలోచిస్తున్న నర్సుకి ఆశ చూపించి, తర్వాత తప్పు నీదే అనడం ఏం న్యాయం? జీతం, బోనస్, సెలవులు, జబ్బులు వీటి జోలికి వెళ్లకండి. కొరియర్ బిల్లు, పాస్‌వర్డ్ గడువు లాంటివి చాలు, దొంగలు వాటినీ వాడతారు. ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పరీక్ష ఉంటుందని అందరికీ ముందే చెప్పండి. ఎవరు నొక్కారు అన్నదానికన్నా ఎంత త్వరగా మీకు చెప్పారు అన్నది లెక్కపెట్టండి. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సైబర్ దాడి మీ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. భయపడి దాచుకున్న సిబ్బందితో అది కుదరదు.

ప్రశ్న: అసలు ఆపదలో మెయిలే పనిచేయకపోతే? (రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ దెబ్బకు మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీ కంప్యూటర్లు చాలావరకు పడిపోతే, సిబ్బంది సొంత ఫోన్లలో వాట్సాప్ పెట్టుకుని పని నడిపారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో మాకు ఫోన్లు కూడా లేవు. ఉద్యోగుల ఇళ్ల వివరాలున్న కాగితం పట్టుకుని, పడిపోయిన చెట్ల మధ్య స్కూటీ మీద ఇంటింటికీ తిరిగాను. అందుకే నేను పెట్టే ఎక్సర్‌సైజ్‌లో రెండో గంట మొదలవగానే మెయిల్స్ ఆపేసి, ల్యాప్‌టాప్‌లు మూయించేస్తాను. గోడ మీద ఫోన్ నంబర్ల కాగితం ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఉంటే, ఒక్కో నంబరుకీ ఫోన్ చేయించి చూస్తాను.