తేలే మంచు కరిగితే నీటి మట్టం పెరగదు కదా, మరి ఈ గొడవంతా ఎందుకు?

మీరు అడిగింది రెండు ముక్కలు. గ్లాసులో తేలే ఐస్ ముక్క కరిగినా నీళ్లు పొర్లవు కదా, మరి సముద్రంలో తేలుతున్న అంటార్కిటికా ఐస్ షెల్ఫ్‌లు (మందపాటి మంచు పలకలు) కరుగుతున్నాయని శాస్త్రవేత్తలకు అంత కంగారు ఎందుకు? కర్నూలులో ఉన్న మనకేంటి?

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఈ గ్లాసు ప్రయోగం ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి చేసి చూపించాను. నీళ్ల అంచున స్కెచ్ పెన్‌తో గీత పెట్టడం, ఐస్ కరిగాక చూపించడం, "చూశారా, అంతా పేపర్ల హడావుడి" అనడం. ప్రయోగంలో తప్పు లేదు. (షెల్ఫ్‌ది మంచినీటి మంచు, సముద్రానివి ఉప్పునీళ్లు, కాబట్టి కొద్దిగా పెరుగుతుంది. అది చాలా స్వల్పం.) దాని మీద నేను చెప్పిన మాటే తప్పు. ఆ తప్పు తెలుసుకోవడానికి పుస్తకాలు కూడా అక్కర్లేదు, పదమూడేళ్ల వయసులో నేను తిన్న తిట్లు గుర్తుంటే చాలు.

మా మామకు వన్ టౌన్‌లో చిన్న ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడే. పెద్ద తొట్టిలో సముద్రపు నీళ్లకంటే చిక్కటి ఉప్పునీళ్లు, వాటిని చల్లబరిచే అమ్మోనియా పైపులు. రేకు డబ్బాల్లో మంచినీళ్లు పోసి ఆ తొట్టిలోకి దించితే మర్నాటికి గడ్డ తయారు. ఉప్పునీళ్లు మాత్రం సున్నా కంటే పది డిగ్రీలు కిందికి పోయినా నీళ్లుగానే ఉంటాయి. గడ్డను డబ్బా నుంచి ఊడదీయాలంటే మామూలు నీళ్లలో ఒకసారి ముంచాలి, జర్రున జారి వచ్చేస్తుంది. అదే డబ్బాను కర్నూలు ఎండలో పెట్టినా అంత త్వరగా వదలదు. "గాలికి ఆగుతుంది గానీ నీళ్లకి ఆగదురా" అనేవాడు మేస్త్రీ.

ఒక మే నెలలో పెళ్లి ఆర్డరు వచ్చింది. గడ్డల్ని షెడ్డులో పెట్టి, వరిపొట్టు పోసి, గోనెసంచులు కప్పి, నన్ను కాపలా ఉంచి మామ భోజనానికి వెళ్లాడు. నేను గంటకోసారి గోనె ఎత్తి చూశాను. పైన గడ్డ గడ్డలాగే ఉంది. షెడ్డు కాలువ చెత్తతో మూసుకుపోయి కింద నాలుగు వేళ్ల ఎత్తున నీళ్లు నిలిచిన సంగతి నాకు పట్టలేదు. సాయంత్రం కొక్కెం వేసి లాగితే రెండు గడ్డలు మధ్యలో పటుక్కుమన్నాయి. తిరగేసి చూస్తే అడుగంతా గుంటలు, మెట్లు మెట్లుగా తినేసినట్టు. నీళ్లు పారిన వైపు ఇంకా ఎక్కువ. "పైన చూస్తే ఏం తెలుస్తాది, అడుగు చూడాల!" అన్నాడు మామ. మిగతావి ఇక్కడ రాయలేను.

అంటార్కిటికాలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. ఖండం మీద పేరుకున్న మంచు మెల్లగా సముద్రం వైపు జారుతుంది. తీరం దాటాక నీళ్ల మీద తేలుతూ ముందుకు చాచుకుని ఉండే మందపాటి పలకే ఐస్ షెల్ఫ్. రాస్ షెల్ఫ్ ఒక్కటే దాదాపు ఫ్రాన్స్ అంత ఉంటుంది. పైన గాలి చల్లగానే ఉంటుంది, దెబ్బ ఎక్కువగా కింది నుంచే. దక్షిణ సముద్రంలో లోతున ఒక నీటి పొర ఉంది, ఉష్ణోగ్రత సున్నా కంటే ఒక డిగ్రీ ఎక్కువ. ఉప్పు ఎక్కువ కాబట్టి బరువుగా ఉండి అడుగునే పారుతుంది. ఒక డిగ్రీనా అని నవ్వొద్దు. సముద్రపు నీళ్లు గడ్డ కట్టేదే సున్నాకు సుమారు రెండు డిగ్రీల కింద, లోతున ఒత్తిడికి మంచు కరిగే ఉష్ణోగ్రత ఇంకా తగ్గుతుంది. అంటే ఆ నీళ్లు మంచుకు మూడు నాలుగు డిగ్రీలు వేడి. కరిగిన మంచినీళ్లు తేలిక కాబట్టి షెల్ఫ్ అడుగును రాసుకుంటూ పైకి పాకుతాయి, వాటి వెనకే ఇంకొంత వెచ్చని నీళ్లు లోపలికి వస్తాయి. ఒకసారి మొదలైతే తనంతట తానే తోడుకునే మోటారు.

దీన్ని తవ్వి తీసినవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి స్టాన్ జేకబ్స్, అమెరికాలోని లామాంట్ డోహర్టీ సంస్థలో సముద్ర శాస్త్రవేత్త. 1994లో నథానియల్ బి. పామర్ అనే ఓడలో ఆయన బృందం అంటార్కిటికాలోని పైన్ ఐలాండ్ హిమానీనదం (సముద్రం వైపు మెల్లగా జారే మంచు నది) ముందు దాకా వెళ్లి, అక్కడ ఆ వెచ్చని నీళ్లను కొలిచింది. 2009లో మళ్లీ వెళ్తే కరుగుదల సుమారు 50 శాతం పెరిగింది. నీళ్లు అంతగా వేడెక్కలేదు, మంచు కింద ఖాళీ పెరిగి ప్రవాహం జోరందుకుంది. ఎందుకో అదే యాత్రలో బయటపడింది. బ్రిటన్ శాస్త్రవేత్త ఏడ్రియన్ జెంకిన్స్ బృందం ఆటోసబ్ 3 అనే మనిషి లేని జలాంతర్గామిని షెల్ఫ్ కిందికి పంపింది. సముద్రం అడుగున ఒక గట్టు కనిపించింది. ఒకప్పుడు హిమానీనదం దాని మీద ఆనుకుని ఉండేది. ఆ పట్టు వదిలాక వెచ్చని నీళ్లు గట్టు దాటి లోపలికి చేరాయి.

అడుగు చూడాలన్న మా మామ మాట అక్షరాలా పాటించింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా వాలిన్ బృందం. 2022లో రాన్ అనే మనిషి లేని జలాంతర్గామిని అంటార్కిటికాలోని డాట్సన్ షెల్ఫ్ కిందికి పంపి, మంచు అడుగు భాగాన్ని సోనార్‌తో (శబ్దం పంపి దూరం కొలిచే పరికరంతో) మ్యాప్ చేశారు. మెట్లు, గుంటలు, ప్రవాహం జోరుగా ఉన్న పడమటి వైపు ఎక్కువ కోత. ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు షెడ్డులో తిరగేసిన గడ్డే కనపడింది. 2024లో రాన్ మళ్లీ కిందికి వెళ్లి తిరిగి రాలేదు.

ఇక అసలు ప్రశ్న. తేలేది కరిగితే మట్టం పెరగనప్పుడు నష్టమేంటి? మార్కెట్ యార్డులో బుడ్డల (వేరుశనగ) మూటలు ఏటవాలుగా పేర్చి ఉంటే, ముందు వరస లాగేయండి. వెనకవి ఆగుతాయా? షెల్ఫ్ ఆ ముందు వరస. పక్కల కొండలకు, అడుగున గట్లకు రాసుకుంటూ వెనకున్న మంచును నిలిపి ఉంచుతుంది. వెనకది తేలేది కాదు, నేల మీదిది. సముద్రంలోకి దిగిన ప్రతి టన్నూ మట్టాన్ని పెంచుతుంది. 2002లో లార్సెన్ బి షెల్ఫ్ సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు నెల పైచిలుకు రోజుల్లో ముక్కలైంది (అక్కడ పైన కరిగిన నీళ్లు పగుళ్లలోకి దిగడం కూడా పెద్ద కారణమే). తర్వాత దాని వెనకున్న హిమానీనదాల్లో కొన్ని ఎనిమిది రెట్ల దాకా వేగం పెంచాయి. థ్వైట్స్ హిమానీనదం సుమారు 1,92,000 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రం కంటే పెద్దది. అది మొత్తం పోతే ప్రపంచ సముద్ర మట్టం దాదాపు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. రేపే పోదు, వాట్సాప్‌లో వచ్చే వీడియోలు నమ్మకండి.

కర్నూలు సంగతి. మనం సముద్ర మట్టానికి 270 మీటర్ల పైన ఉన్నాం. అంటార్కిటికా మంచంతా కరిగినా పెరిగేది సుమారు 58 మీటర్లు. కొండారెడ్డి బురుజుకు ఢోకా లేదు. కానీ మా చెల్లెల్ని మచిలీపట్నం ఇచ్చాం, వాళ్ల పొలంలో ఇప్పటికే బోరు నీళ్లు ఉప్పగా వస్తున్నాయంటే నాకు టెన్షన్. ఆ ఉప్పుకు వేరే కారణాలూ ఉంటాయి, కాదనను. ఇంకో తిరకాసు: అంత మంచు తన ఆకర్షణతో చుట్టూ సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, అక్కడ మట్టం తగ్గి, దూరాన ఉన్న మన వైపు తీరాల్లో సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది.

ఇప్పుడు క్లాసులో గ్లాసు తర్వాత ఇంకోటి చేయిస్తున్నాను. రెండు ఐస్ ముక్కలు, ఒకటి పొడి పళ్లెంలో ఫ్యాన్ కింద, ఇంకోటి కుండలోని చల్లటి నీళ్లలో. ఏది ముందు కరుగుతుందో పందెం కాయమంటాను. ఏటా సగం మంది ఫ్యాన్ వైపే కాస్తారు.